శ్వేతశ్యేనశ్రేణి: వైమారు ప్రభువుల సత్కారసంస్థ

జర్మనీదేశపు నడుమభాగమునఁ దురింగియా యను సీమ గలదు. అందు ఇల్ము అను చిన్నయేటి యొడ్డున వైమారను పట్టణము వెలసియున్నది. ఈ పట్టణము రాజధానిగా నొక చిన్నరాజ్యము నేలిన ప్రభువులు 1732వ సంవత్సరమున నొక సత్కారసంస్థను నెలకొల్పిరి. దానికి ‘జాగరూకతాశ్రేణి’ యనియు, ‘శ్వేతశ్యేనశ్రేణి’ యనియు రెండు పేళ్లు. శ్వేతశ్యేనమనఁగాఁ దెల్లడేగ. 1918వ సంవత్సరమున రాచఱికముతోడనే యీ సంస్థయు ముగిసినది. 186 ఏండ్ల యీ చరిత్రమును, ఆ సంస్థవారు ధరించిన చిహ్నములను, వానిపై లిఖింపఁబడిన రెండు లాటినుమాటలను వివరించుట యీ వ్యాసమున కుద్దేశము.

దూరదేశపు రాజలాంఛనముల ముచ్చట సాహిత్యపరిశోధనమునకుఁ బూనిన పత్రిక కేల యని కొంద ఱడుగవచ్చును. దానికి సమాధానములు రెండు. కాళిదాసుని శాకుంతలమును మనసారఁ గొనియాడిన పాశ్చాత్యకవులలో నగ్రగణ్యుఁడైన గెటే యీ శ్రేణియందలి యుత్తమపదవి నందినవాఁడు. ఇది మొదటిది. ఆ చిహ్నముపైనున్న వాక్యము రెండే పదముల వాక్యమైనను, వ్యాకరణము చదివినవారు విడిచిపెట్టరానిది. అందలి ధాతుప్రత్యయములు మన యింటివారికి దాయాదులు. ఇది రెండవది. పతకము లోహమయము, దాని కర్థమొసఁగునది వాక్యము. ఇచ్చిన రాజు పోయి, రాజ్యము పోయి, పతకమొక్కటి మిగిలినపుడు దాని యర్థమేమగును? ఈ ప్రశ్నకు శ్వేతశ్యేనశ్రేణి చరిత్రమున మంచి సమాధానము దొరకుచున్నది.

శబ్దవిచారము

మనదేశమున రాజులు పండితకవులను బహువిధముల సత్కరించిరి. శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనకు గండపెండేరము తొడిగెననియు, ప్రౌఢదేవరాయలు శ్రీనాథునకుఁ గనకాభిషేకము చేయించెననియుఁ బ్రతీతి. ఇవి యొక్కొక్క వ్యక్తికి జరిగిన గౌరవములు. గండపెండేరము తొడిగించుకొన్న కవు లందఱును జేరి యొక సంఘముగా నేర్పడి, నియమములు వ్రాసికొని, యేఁటేఁటఁ గూడియుండుట మన సంప్రదాయమునఁ గానరాదు. ఐరోపాఖండమున నట్లు గాదు. అచ్చటి ‘ఆర్డరు’ అను సత్కారము మొదట సభ్యత్వము, ఆ పిమ్మటనే యలంకారము. మధ్యయుగమునఁ గ్రైస్తవసన్న్యాసులు నియమబద్ధులై సంఘములుగా నుండిరి. ధర్మయుద్ధములకుఁ బోయిన యాశ్వికులును నట్టి సంఘములనే కట్టుకొనిరి. ఆ సంఘమువాఁ డీతఁడని తెలియుటకై వస్త్రముపైఁ గుట్టిన శిలువగుర్తే కాలక్రమమున రత్నస్వర్ణమయమై రాజులు ఱొమ్మునఁ దగిలించు పతకముగా మాఱినది.

ఆర్డరను పదము లాటినుభాషలోని ‘ఓర్డో’ యను దానినుండి పుట్టినది. ఓర్డో యనఁగా వరుస, పంక్తి. వరుసలో నిలిచినవారి సముదాయమును నదియే. మన ‘శ్రేణి’ శబ్దమునకు నీ రెండర్థములును గలవు. శ్రేణి యనఁగాఁ బంక్తి. ఏకవృత్తిచేఁ గూడిన శిల్పులయొక్కయు వర్తకులయొక్కయు సంఘమును శ్రేణియే యని ధర్మశాస్త్రములును శాసనములును జెప్పుచున్నవి. కావున ‘ఆర్డరు’నకు శ్రేణి యనుటకంటెఁ దగిన తెనిఁగింపు నాకుఁ దోఁపలేదు. బిరుద మనిన వ్యక్తి మాత్రమే స్ఫురించును. శ్రేణి యనిన వ్యక్తియు, వాని ప్రక్కన నిలిచినవారును స్ఫురింతురు.

ఇఁక వైమారు ప్రభువుల పదవినామము. ఇంగ్లీషువారు ‘డ్యూకు’ అందురు. ఇది లాటిను ‘దుక్స్’నుండి వచ్చినది. దుక్స్ అనఁగా నడపువాఁడు. జర్మనులు ‘హెర్త్సోగు’ అందురు. ఇందుఁ బూర్వపదమునకు సేన యనియు, ఉత్తరపదమునకు నడపువాఁడనియు నర్థము. సేనను నడపువాఁడు హెర్త్సోగు. సేనాశబ్ద ముపపదముగా నీధాతువునకుఁ గ్విప్ప్రత్యయము చేర్పఁగా మనకు ‘సేనానీ’ శబ్దము సిద్ధించుచున్నది గదా. ఆకారమున వేఱైనను రెండును నొకే యచ్చునఁ బోసినట్లున్నవి. అయినను ఈ వ్యాసమున వాడుకనుబట్టి డ్యూకు అనియే వ్రాసెదను.

స్థాపనము

సాక్సనీ రాజవంశము 1485వ సంవత్సరమున ఎర్నెస్టు, ఆల్బర్టు అను నిరువు రన్నదమ్ముల నడుమ రెండు శాఖలుగాఁ జీలినది. ఎర్నెస్టు శాఖవారు 1547వ సంవత్సరమున యుద్ధమున నోడి, చక్రవర్తి నెన్నుకొను నధికారమును, రాజ్యమునఁ బెద్దభాగమును గోలుపోయిరి. మిగిలిన భూమిని దాయాదులు పలుమాఱులు పంచుకొనుటచేఁ దురింగియాలో నీ వంశపు చిన్నరాజ్యము లనేకము లేర్పడెను. వానిలో నొకటి సాక్స్-వైమారు. భూమి తక్కువయైనను వంశగౌరవము మిక్కిలి. ఆ గౌరవమునకుఁ దగిన బాహ్యాడంబరము కావలెనని ప్రభువులు కోరుచుండిరి.

శ్రేణిని స్థాపించిన డ్యూకు ఎర్నెస్టు ఔగుస్టు అట్టివాఁడే. ఇతఁడు 1688వ సంవత్సరమున జన్మించి, 1728 మొదలు వైమారునకుఁ దానొక్కఁడే ప్రభువై, 1748వ సంవత్సరమున గతించెను. వేఁటయందును, సైన్యప్రదర్శనమునందును, కోటలు కట్టించుటయందును మిక్కుటమైన యాసక్తి గలవాఁడు. వైమారు సమీపమునందలి బెల్వెదేరె యను విహారమందిర మితఁడు కట్టించినదే. గుర్తులయందును ముద్రలయందును నితనికిఁ గల నమ్మిక చిత్రమైనది. అగ్నిభయము గలిగినపుడు మంటలోఁ బడవేయుటకై గుర్తులును అక్షరములును లిఖించిన కొయ్యపళ్లెములను బ్రతిగ్రామమునను సిద్ధపఱచి యుంచవలయుననియు, వానిని గృష్ణపక్షపు శుక్రవారమునఁ గ్రొత్తకలముతో వ్రాయవలయుననియు 1742వ సంవత్సరము డిసెంబరులో నాజ్ఞ యొసఁగెను. గుర్తు కార్యమును సాధించునని నమ్మిన ప్రభువు సత్కారచిహ్నముపైఁ జూపు నిలుపుట వింత గాదు.

1732వ సంవత్సరము ఆగస్టు 2వ తేదిన నీతఁడు ‘జాగరూకతాశ్రేణి’ని స్థాపించెను. అప్పటికి జర్మనురాజ్యము లన్నిటికిని బైని పవిత్రరోమసామ్రాజ్యచక్రవర్తి యుండెను. ఆఱవ కార్లు నాఁటి చక్రవర్తి. డ్యూకు చక్రవర్తిసేనలో నధికారియు నగుటచే నాతని కృప కావలసినవాఁడు. సామ్రాజ్యలాంఛనము రెండుతలల గరుడపక్షి. గరుడపక్షికి లోఁబడి దాని కావలిగా మేల్కొనియుండు డేగ వలెఁ జక్రవర్తికి విశ్వాసపాత్రులై యుండవలయు ననుట శ్రేణివారికి విధించిన ధర్మము. మొదట నీ డేగ మెలఁకువతో నుండవలసిన దితరునికొఱకు.

డేగ యేల?

డేగ యాకాశమున నెంత యెత్తున నున్నను నేలమీఁది చిఱుకదలికను గనిపెట్టును. అందుచే నది జాగరూకతకు నిదర్శనమైనది. వేఁటకుఁ బెంచఁబడిన డేగ స్వామిపిడికిటిమీఁద నిలిచి, విడిచినప్పుడు పోయి, పిలిచినప్పుడు మఱలి వచ్చును. అందుచే నది విధేయతకును నిదర్శనమైనది. ఈ రెండుగుణములు నొకచోఁ గూడుటయే డ్యూకునకుఁ గావలసినది.

ఈ పక్షి మన వాఙ్మయమునకుఁ గ్రొత్తది గాదు. శ్యేనము, శశాదనము, పత్రి యని సంస్కృతమున దీనికిఁ బేళ్లు. వేదమున దివినుండి సోమమును దెచ్చినది శ్యేనమే. యజ్ఞమున ఱెక్కలు చాఁచిన శ్యేనాకృతితో నగ్నివేదికను బేర్చుట శ్యేనచితి. శ్యేనశబ్దమును గత్యర్థకధాతువునుండి యుణాదిప్రత్యయముచే సాధింతురు. తెలుపను నర్థముగల ‘శ్యేత’ శబ్దము వేఱు. కాని దాని స్త్రీలింగరూపము పాణినీయమునఁ దకారమునకు నకారమై ‘శ్యేనీ’ యగును. కావున ‘శ్యేనీ’ యనిన నాఁడుడేగయుఁ గావచ్చును, తెల్లనిదియుఁ గావచ్చును. వైమారు ప్రభువున కీ శ్లేషము తెలియదు. అయినను నాతఁ డెన్నుకొన్న పక్షి తెల్లడేగయే. మన తెలుఁగునాట వేఁటడేగకు సాళువ మని పేరు. ఆ పేరే యొక రాజవంశమునకు నామమై, సాళువ నరసింహరాయలతో విజయనగరసింహాసన మెక్కినది. డేగ రాజులకు గుర్తగుట యొక్క దేశపు టాచారము గాదు.

నిద్రయుఁ బునరుద్ధరణమును

జాగరూకతాశ్రేణి స్థాపకుని వెనుకఁ గ్రమముగా నిద్రలోఁ బడినది. ఎర్నెస్టు ఔగుస్టు కుమారుఁ డిరువదియేండ్లు నిండిన కొలఁదికాలమునకే 1758వ సంవత్సరమున మరణించెను. ఆతని భార్య అన్నా అమాలియా పసిబిడ్డఁడగు కార్లు ఔగుస్టునకు బదులుగా 1775 వఱకు రాజ్యము నడపెను. ఈమె మితవ్యయముతో బొక్కసమును జక్కఁబెట్టి, గ్రంథాలయమును బోషించి, 1772వ సంవత్సరమున వీలాండను కవిని గుమారునకు గురువుగాఁ బిలిపించెను. కార్లు ఔగుస్టు పట్టమునకు వచ్చిన 1775లోనే గెటే వైమారునకు వచ్చెను. మఱునాఁటి యేఁట హెర్డరును, 1787లో షిల్లరును వచ్చిరి. అంతవఱకు నెవ్వరి నోటను బడని పట్టణము జర్మనుభాషాసాహిత్యమునకు రాజధాని యైనది. విశేషమేమనఁగా, ఈ వెలుఁగంతయు శ్రేణి నిద్రించుచున్న కాలముననే వెలిఁగినది. పతకము పుచ్చుకొని పద్యము వ్రాసినవాఁ డందు లేఁడు.

1806వ సంవత్సరమున నెపోలియను యేనా పట్టణమువద్దఁ బ్రష్యనులను నోడించెను. యేనా వైమారురాజ్యములోనిదే. ఆ యేఁటనే పవిత్రరోమసామ్రాజ్యము రద్దయినది. ఏ గరుడపక్షికిఁ గావలియుండుటకై డేగ నియమింపఁబడెనో యా గరుడపక్షియే లేకపోయినది. ప్రష్యనులపక్షమునఁ బోరాడిన కార్లు ఔగుస్టు నెపోలియనునకు లొంగి, 1813 వఱకుఁ గాలము గడపవలసివచ్చెను. 1813వ సంవత్సరము అక్టోబరులో లైప్‌జిగుయుద్ధమున నెపోలియను పరాజితుఁ డయ్యెను. 1815లో వియన్నామహాసభ వైమారు ప్రభువునకు ‘గ్రాండు డ్యూకు’ పదవి నిచ్చెను.

ఆ సంవత్సరము అక్టోబరు 18వ తేదిన, లైప్‌జిగు విజయపు సాంవత్సరికదినమున, కార్లు ఔగుస్టు శ్రేణిని బునరుద్ధరించెను. పేరు నిలిచినది, డేగ నిలిచినది. ధర్మము మాత్రము మాఱినది. చక్రవర్తి స్థానమున నిప్పుడు సమస్తజర్మనులకును సామాన్యమైన మాతృదేశము నిలిచినది. దానికి భక్తి కలిగియుండుట శ్రేణివారి మొదటి ధర్మము. దేశీయమగు భావమును, విద్యలను, కళలను వృద్ధిపొందించుట మఱియొక ధర్మము. సైనికాధికారియైన పితామహుఁడు పెట్టిన గుర్తునకుఁ గవులతోఁ బెరిగిన పౌత్రుఁడు క్రొత్త యర్థము పెట్టెను. శబ్దము నిత్యముగా నుండి యర్థము సంకోచవికాసముల నొందుట మన మెఱిఁగినదే. కుశలశబ్దము దర్భలు కోయుటనుండి నేర్పునకు విస్తరించినట్లే డేగమెలఁకువ చక్రవర్తిద్వారమునుండి దేశముపైకిని, విద్యపైకిని విస్తరించినది.

ఆశలకుఁ దగినట్లు కాలము నడువలేదు. 1816వ సంవత్సరమునఁ గార్లు ఔగుస్టు తనరాజ్యమున కొక రాజ్యాంగము నొసఁగి పత్రికలకు స్వేచ్ఛ నిచ్చెను. 1817లో నదే అక్టోబరు 18వ తేదిన నాతని రాజ్యమునందలి వార్ట్‌బుర్గుకోటయొద్ద విద్యార్థులు గుమిగూడి యేకదేశమును గోరిరి. పెద్దరాజ్యములవారు భయపడి 1819లోఁ గార్ల్స్‌బాదు నిబంధనములతోఁ బత్రికల నోరు కట్టిరి. చిన్నరాజ్యపుఁ బ్రభువు దానికిఁ దలవంపవలసివచ్చెను.

చిహ్నములు

పునరుద్ధరణమునందు శ్రేణికి మూఁడు తరగతు లేర్పడెను: మహాశిలువవారు, కొమ్తూరులు, ఆశ్వికులు. పిమ్మట నాశ్వికతరగతి రెండుగాఁ జీలుటయు, నితరభేదములు చేరుటయు సంభవించినవి గాని, మూలస్వరూపము మాఱలేదు.

పతకము బంగారుశిలువ. దాని నాలుగుబాహువులును జివరలయందుఁ జీలి యెనిమిది మొనలుగా నుండును. పైని నాకుపచ్చని మీనాపని. దాని నడుమ ఱెక్కలతోఁ దెల్లడేగ. మేను తెల్లని మీనా, ముక్కును గోళ్లును బంగారము. పతకముపైనఁ గిరీటము. తగిలించు పట్టునాడా యెఱ్ఱనిది. పచ్చదనము, తెలుపు, ఎఱుపు, పసిఁడి యను నాలుగువన్నెల కలయిక దీని సొంపు. సాక్సనీవంశపు లాంఛనమున నలుపుఁబసిఁడిపట్టెలపై నేటవాలుగాఁ బచ్చని యాకులమకుట మొకటి యుండును. శిలువ పచ్చదనము చూచినవారి కది స్ఫురింపకమానదు.

పతకము వెనుకవైపు నడుమ నీలపుడాలు గలదు. దానిపై ధ్యేయవాక్యము లిఖితము. పౌరుల కిచ్చిన పతకమున నా డాలుచుట్టును విజయపత్రమాలయు, సైనికుల కిచ్చినదాన నాయుధసముదాయమును నుండును. ముందువైపునఁ గవికిని సేనానికిని నొకే డేగ; వెనుకకుఁ ద్రిప్పినఁగాని భేదము తెలియదు. ఈ యేర్పాటు నాకు మిక్కిలి ఔచిత్యవంతముగాఁ దోఁచుచున్నది.

ధరించు పద్ధతి తరగతినిబట్టి మాఱును. ఆశ్వికుఁడు ఱొమ్మునఁ జిన్ననాడాతోఁ దగిలించుకొనును. కొమ్తూరు మెడను వ్రేలఁగట్టుకొనును. మహాశిలువవాఁడు వెడల్పైన నాడాను భుజమునుండి వేఱొకప్రక్క నడుమువఱకు యజ్ఞోపవీతమువలె వేసికొని దాని కొసనుఁ బతకమును, ఎడమఱొమ్మున నక్షత్రాకారమగు వెండిపతకమును ధరించును. 

ధ్యేయవాక్యము

‘విగిలాందో ఆస్కేందిమూస్’ అనునది యా వాక్యము. దీని పదవిభాగ మిట్లు.

‘విగిలాందో’ యనుదానికి మేల్కొనియుండు టను నర్థముగల ధాతువు ప్రకృతి. ఇంగ్లీషున మేలుకొనుట నర్థమిచ్చు ‘వేకు’ దీనికిఁ జుట్టము. బలవాచకమగు మన ‘వాజ’శబ్దమును భాషాశాస్త్రజ్ఞు లీ కుదుటనే చేర్తురు. ఆ ధాతువునుండి భావార్థమునఁ గృదంతమేర్పడి, దానిపై విభక్తి వచ్చినది. ఆ విభక్తి లాటిను వ్యాకరణమునఁ బంచమీస్థానీయమైనను, ఇచ్చటఁ గరణార్థకము, మనకుఁ దృతీయ. కావున ‘జాగరణేన’ అని యర్థము.

‘ఆస్కేందిమూస్’ అనుదానిలో ‘ఆద్’ ఉపసర్గము, ‘స్కంద్’ ధాతువు, ‘ముస్’ తిఙ్‌ప్రత్యయము. స్కంద్ధాతువు మనదే, స్కందిర్ గతిశోషణార్థకమని ధాతుపాఠము, స్కందుఁడను దేవసేనాని పేరునకు నిదియే ప్రకృతి. ముస్సు మన ‘మస్’కు సోదరము, ఉత్తమపురుష బహువచనము. ‘స్కందామః’ అను రూపమును దీని ప్రక్కన నిడి చూచినఁ బోలిక కన్నులఁ గట్టును. అర్థమున మాత్రము ‘ఆరోహామః’ అనుట తగును. మొత్తము: మెలఁకువచే మే మెక్కుచున్నాము.

ఇందు మూఁడంశములు గమనింపఁదగినవి. మొదటిది పురుషవచనములు. ‘నేను’ కాదు, ‘మేము’. ఱొమ్మునఁ బతకము గలవాఁ డొక్కఁడే యైనను దానిపై మాట బహువచనమునఁ బలుకుచున్నది. శ్రేణి యను పేరున కిది తగియున్నది. రెండవది లకారము. ఈ లాటినుక్రియకు వర్తమానమునను, భూతమునను నొకే రూపము: ‘ఎక్కుచున్నాము’ అనియు, ‘ఎక్కితిమి’ అనియుఁ జెప్పవచ్చును. సత్కారము పొందినవాఁడు తాను ఎక్కితినని చదువుకొనును. శ్రేణినియమ మెఱిఁగినవాఁ డెక్కుచునే యుండవలెనని చదువుకొనును. రెండును శబ్దసమ్మతములే, ఏది యేరుకొనునో దానినిబట్టి మనుష్యుఁడు తెలియును.

మూఁడవది కారకవిచారము. ఈ వాక్యమునఁ గర్త గలఁడు, కరణము గలదు, సంప్రదానము లేదు. ఎవ్వరికొఱకు మేల్కొనవలయునో వాక్యము చెప్పదు. చక్రవర్తి పేరు దానిలో లేదు, డ్యూకు పేరు లేదు. అందుచేతనే చక్రవర్తి యంతరించినను వాక్యము చెడలేదు. సంప్రదానమును గాలమే పూరించినది. 1732లో నది చక్రవర్తి. 1815లో దేశమును, విద్యయును. వాక్యమునం దాకాంక్ష యుండుట సామాన్యముగా దోషము. ఇచ్చట నదియే యాయువైనది.

సభ్యులు

1816వ సంవత్సరము జనవరిలో గెటే మహాశిలువ నందెను. అప్పటి కాతని వయస్సు 66. 1808లోనే యాతనికి నెపోలియను ఫ్రెంచి గౌరవశ్రేణి చిహ్నమును, రష్యాచక్రవర్తి అన్నాశ్రేణి చిహ్నమును నిచ్చియుండిరి. తాను నాలుగుపదుల యేండ్లు కొలిచిన సంస్థానపు చిహ్నము వానికిఁ బిదపఁ గాని రాలేదు.

వైమారునకు వెలుఁగిచ్చిన నలువురిలో మిగిలిన మువ్వురకు నది రానేలేదు. హెర్డరు 1803లోను, షిల్లరు 1805లోను, వీలాండు 1813లోను గతించిరి. శ్రేణి 1815లోఁ గాని లేవలేదు. మేల్కొన్నవారు గతించిన పిమ్మట మెలఁకువకు సత్కారము పుట్టినది. తెల్లడేగ లేనందున షిల్లరు నాటకముల కేమియుఁ గొఱఁత గలుగలేదు. గెటే పేరు చేరినందునఁ దెల్లడేగకు మాత్రము చరిత్రమునఁ జోటు దొరకినది. ఎవ్వరి నెవ్వరు సత్కరించిరో పాఠకులే నిర్ణయింపవచ్చును.

ఈ నలువురిలో నిరువురు శాకుంతలమునకు ఋణపడినవారు. సర్ విలియము జోన్సు 1789లోఁ బ్రకటించిన యింగ్లీషు పరివర్తనమును ఫార్స్టరు 1791లో జర్మనునఁ బెట్టెను. ఆ యేఁటనే గెటే శకుంతలనుగూర్చి ప్రసిద్ధమగు చిన్నపద్యము వ్రాసెను. హెర్డరు తన కడపటియేఁట నా యనువాదపు రెండవకూర్పునకుఁ బీఠిక వ్రాసెను. గెటే తన ‘ఫౌస్టు’నకు ముందు నాటకశాలాప్రస్తావన చేర్చుటకు శాకుంతలమునందలి సూత్రధారప్రస్తావనయే ప్రేరకమని విమర్శకులందురు.

శ్రేణి పరదేశపు రచయితలకును దలుపు తెఱచినది. డెన్మార్కుదేశమునఁ జర్మకారుని యింటఁ బుట్టి, బాలకథలచే జగద్విఖ్యాతుఁడైన ఆండర్సనునకు 1848వ సంవత్సరమున నాశ్వికపదవి లభించెను. అప్పటి యువరాజు కార్లు అలెగ్జాండరున కాతఁడు నెచ్చెలి. ఈ యువరాజు 1853 మొదలు 1901 వఱకుఁ బాలించి, వార్ట్‌బుర్గుకోటను బునర్నిర్మింపించి, విద్యాకళలను బోషించెను. శ్రేణి విధించిన విద్యాపోషణధర్మము పతకముల పంపకముతోనే ముగియలేదు. వైమారువారి పోషణలోనున్న యేనా విశ్వవిద్యాలయమున ష్లైహరు 1857 మొదలు 1868లోఁ జనిపోవువఱకు భాషాకుటుంబశాస్త్రమును బోధించెను. 1870 మొదలు డెల్బ్రూకు వైదికభాషావాక్యరచనను శోధించెను. పాణినీయమును జర్మనీలో ముద్రించిన బోట్లింకు 1868 మొదలు 1885 వఱకు యేనాలోనే నివసించి సంస్కృతమహానిఘంటువు పని కొనసాగించెను. వైయాకరణులమగు మనకు నీ మెలఁకువ డేగపతకముకంటెఁ బ్రియతరము.

అవసానము

మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీ యోడినది. 1918వ సంవత్సరము నవంబరు 9వ తేదిన గ్రాండు డ్యూకు విల్హెల్ము ఎర్నెస్టు సింహాసనము విడిచెను. మఱుసటి ఫిబ్రవరిలో, బెర్లినునందలి యల్లరుల నుండి తొలఁగి, జర్మనుల రాజ్యాంగసభ వైమారునాటకశాలలోనే కూడినది. ఆ సభ 1919వ సంవత్సరము జూలై 31వ తేదిన నంగీకరించిన రాజ్యాంగమున 109వ యధికరణము పుట్టుకవలని ప్రత్యేకాధికారములను దీసివైచి, ప్రభుత్వము శ్రేణులను గౌరవచిహ్నములను బ్రసాదింపఁగూడదని శాసించెను. తెల్లడేగ పుట్టినయూరనే సత్కారశ్రేణుల కన్నిటికిని మరణశాసనము లిఖింపఁబడినది.

ఆ శాసనము చేసినవా రాశించిన స్వాతంత్ర్యము 1933లోఁ గూలినది. వైమారుచెంత ఎట్టర్స్‌బెర్గు అను కొండ గలదు. గెటే విహరించిన చోటది. ఆ కొండపై 1937వ సంవత్సరమున నాజీలు బుహెన్‌వాల్డు కారాగారము కట్టిరి. 1945 వఱకు రెండున్నరలక్షలకుఁ బైగా మనుష్యు లందు బంధింపఁబడిరి; సుమారు 56,000 మంది చనిపోయిరి. మెలఁకువచే నెక్కుచున్నామని పతకముపైఁ జెక్కుకొన్న పట్టణమునకు నది యెంతో దూరము గాదు. ఉత్తములైన కవుల పేళ్లును, మంచి వాక్యమును నొక పట్టణమును దమంతఁ దాము కాపాడలేవు. వాక్యములోని కరణమును గర్త ప్రతిదినమును జేతఁ బట్టవలయును.

యుద్ధానంతరమునఁ బశ్చిమజర్మనీ 1951లోఁ బ్రజాప్రభుత్వపక్షమునఁ గ్రొత్త సత్కారశ్రేణిని నెలకొల్పినది. మనదేశమునను నిట్టి తర్కమే నడచినది. 1950వ సంవత్సరమున నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమున 18వ యధికరణము బిరుదులను రద్దుచేసినది. 1954లో భారతరత్నాదిపురస్కారములు పుట్టినవి. ఇవి బిరుదులు గావనియు, పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదనియు సర్వోన్నతన్యాయస్థానము 1995లోఁ దీర్పు చెప్పినది. గుణమును గుర్తింపవలెను, గుర్తు గర్వకారణము గారాదు. ఈ రెంటికి నడుమ దారి వెదకుట యన్ని దేశములకును దప్పలేదు.

శ్వేతశ్యేనశ్రేణి పతకములు నేఁడు ప్రదర్శనశాలల గాజుపెట్టెలలో నున్నవి. వానిని గెలుచుకొనువారును లేరు, ఇచ్చువారును లేరు. అయినను గాజునకు వెనుకనుండి రెండుమాటలు చదువవచ్చినవారితో నిప్పటికిని బలుకుచున్నవి. అందలి సంప్రదానము మఱల ఖాళీగానే యున్నది. ఎవ్వరికొఱకు, దేనికొఱకు మేల్కొనవలయునో పూరించుకొనుట చదువరి పని. పూరించునపుడు క్రియ బహువచనమున నున్నదని మఱవఁగూడదు.